పోయొస్తా మామా

ఆ రోజుల్లో మా జమ్మలమడుగులో మనిషి ఒంటరిగా చేసే పనులు రెండే అని నాకు గట్టి నమ్మకం ఉండేది. పుట్టడం ఒకటి, పోవడం ఒకటి. మధ్యలో ఉన్నవన్నీ ఎవరో ఒకరిని పిలిచి చేసేవే. (కలరా వచ్చిన ఏడు ఆ రెండో పని కూడా జనం తోడుతోనే చేశారని మా అవ్వ చెప్పేది.) రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన కొత్తరోజులవి. మాకు రెండూ దూరమే కాబట్టి ఎవరూ పెద్దగా బాధపడలేదు. బాధపడాలంటే మాకు ఇంటి ముందే కరువు ఉంది. ఆ కరువులో కూడా ఒక మర్యాద మాత్రం తప్పేవాళ్లు కాదు. చేతిలో ముద్ద ఉన్నవాడికి వీధిలో నడిచిపోయే మనిషి కనబడితే "రాప్పా, తిందాం" అనాలి. నడిచేవాడు "ఇప్పుడే తినొచ్చినా, నువ్వు తిను" అనాలి. వాడు పొద్దున్నుంచి నీళ్లు తప్ప ఏమీ మింగలేదని పిలిచినవాడికి తెలుసు. తాను నిజంగానే వచ్చి కూర్చుంటే ఆ ఇంట్లో ఎవరో ఒకరు పస్తుంటారని నడిచేవాడికి తెలుసు. ఇద్దరూ చక్కగా అబద్ధమాడుకుని, ఒకరినొకరు మనిషిగా లెక్కేసుకుని, ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు. ఆ కరువేళ్లలో మా వీధిని నిలబెట్టింది గంజి కేంద్రం సగం, ఈ అబద్ధం సగం.

ఈ పిలుపుల విద్యలో మా వీధికి పెద్దదిక్కు మా ఎదురింటి మామ. (రక్తసంబంధం ఏమీ లేదు. మా వైపు వయసులో పెద్దవాడై, మనల్ని తిట్టే హక్కు ఉన్న ప్రతి మగాడూ మామే.) ఆయన అసలు పేరు ఎన్నికలప్పుడు తప్ప వినబడేది కాదు. రాప్పా మామ అనేవాళ్లు. ఏటి పక్కన కొంచెం చేను, ఒక జత ఎద్దులు, నోటినిండా "రాప్పా". ఆయన చీపురు కొనడానికి పోయినా పక్కన ఇద్దరుండాలి. గడ్డం గీయించుకోవడానికి పోతూ గడ్డం రాని నన్ను కూడా పిలిచేవాడు. ఒకసారి పన్ను నొప్పి వచ్చి ప్రొద్దుటూరు బజారులో పళ్లు పీకే ఆయన దగ్గరికి పెళ్లివారంత మందితో పోయాడట. పీకే ఆయనకు నొప్పి ఎవరిదో తెలియక, ముందు నిలబడ్డ నాలాల తాత నోరు తెరిపించాడట. ఎద్దుల గిట్టలకు నాలాలు కొట్టే సాయిబు ఆయన, మామకు ప్రాణస్నేహితుడు. ఆ నోట్లో పీకడానికి అప్పటికే ఏమీ మిగిలిలేదు. "పీకినోడు ముందే పీకిపొయినాడు బేటా, వెనక ఉన్నాయప్పను జూడు" అన్నాడట తాత.

నాకు ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడిలో గుడ్డ కొలిచే ఉద్యోగం వచ్చిన మొదటిరోజు కూడా అంతే. పొద్దున్నే బస్సెక్కబోతుంటే మామ, తాత, మామ కొడుకు ముగ్గురూ ఇస్త్రీ చొక్కాలేసుకుని నిలబడి ఉన్నారు. "ఒగనివే ఎట్ల పోతావప్పా కొత్తసోటికి, మేమొస్తాం రా" అన్నాడు మామ. వచ్చారు. అంగడిలో వరసగా కూర్చున్నారు. మా యజమాని వాళ్లను పెళ్లిబట్టలకు వచ్చిన పెద్ద బేరమనుకుని కలర్ సోడాలు తెప్పించాడు. పట్టుచీరలన్నీ దించి చూపించమని నాకే చెప్పాడు. ఉద్యోగంలో నేను విప్పిన మొదటి చీర నాలాల తాతకు. "రంగు బాగుంది బేటా, నా ఎద్దులకైతే సరిపోదు" అన్నాడు తాత, ముగ్గురూ లేచిపోయారు. ఆ చీరలన్నీ మడతపెట్టేసరికి నాకు ఆ ఉద్యోగం మీదున్న మోజంతా తీరిపోయింది.

నా గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఎవరైనా గొంతు వణికించి మాట్లాడితే నాకు చక్కిలిగింతలు పెట్టినట్టుండేది. మా వీధిలో ఒకామె మొగుడి శవం మీద పడి "నన్నూ తీసకపో సామీ, ఒగనివే యాడికి పోతాండావు" అని ఏడుస్తుంటే, నేను మా అవ్వ చెవిలో "చూసినావా అవ్వా, పాడె మీద గూడా తోడు పిలిపించుకుంటాండారు" అన్నాను. ఇంటికొచ్చాక అవ్వ నా వీపు మోగించింది. "నీ నోట్లో మన్ను పడ! ఏడ్సేకాడ నవ్వొస్తాదేంరా నీకు?" నవ్వు రాలేదని, ఏడుపు రాకుండా ఉండటానికి నాకు తెలిసిన దారి అదొక్కటేనని చెబితే ఇంకో రెండు పడేవి. అందుకని గమ్మునున్నాను.

ఆ తర్వాతి వానాకాలంలో మామ కొడుకు పోయాడు. వాడు నాకంటే కొంచెం పెద్ద, నేను బావా అనేవాణ్ణి. కరువుకు వాళ్ల ఎద్దుల్లో ఒకటి పోతే, పులివెందుల పక్క పల్లెలో మంచి ఎద్దుందని విని చూడటానికి పోయాడు. ఎద్దు నచ్చిందట. ఆ సంగతి నాయనకు చెప్పాలనే ఆత్రంతో సాయంత్రం తిరిగొస్తూ పెన్నలోకి దిగాడు. మా పెన్న సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఏడాదిలో చాలా నెలలు అది ఏరు కాదు, ఇసుక. పిల్లలు ఆడుకుంటారు, ఎనుములు (గేదెలు) పడుకుంటాయి. ఆ రోజు మా దగ్గర చుక్క వాన లేదు. పైన ఎక్కడో కురిసింది. గండికోట సందులోంచి నీళ్లు ఒక్కసారిగా వచ్చాయి. గట్టుమీద ఉన్నవాళ్లు కేకలేశారు. వాడు ఇసుక మధ్యలో ఉన్నాడు. నెత్తిమీద చెయ్యిపెట్టుకుని ఒకసారి పైకి చూశాడని, తర్వాత అక్కడ నీళ్లే ఉన్నాయని చెప్పారు. ప్రొద్దుటూరు దిక్కున దిగువలో దొరికాడు. వాడిమీద కప్పే తెల్లగుడ్డ మా అంగడి నుంచి నేనే తెచ్చాను. నా ఉద్యోగం వల్ల మా వీధికి జరిగిన మొదటి ఉపకారం అది.

ఇక్కడ మావాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. చావింటికి పోయినవాళ్లు లేచేటప్పుడు "పోయొస్తా" అనకూడదు. వస్తా అంటే ఆ ఇంటికి మళ్లీ అట్లాంటి పనిమీదే వస్తామన్నట్టు. అందుకని మాటా పలుకూ లేకుండా లేచి, వెనక్కి చూడకుండా పోవాలి. ఆ ఇంటివాళ్లను ఏడు తిరిగేదాకా శుభకార్యానికి పిలవకూడదు. ఈ చట్టానికి మా వీధిలో హైకోర్టు మా అవ్వ. (అసలు హైకోర్టు అప్పటికే గుంటూరు నుంచి హైదరాబాదు పోయింది. మా అవ్వ మాత్రం కదల్లేదు.) శుభకార్యానికి పిలవకూడదన్నది పాతమాట. కానీ మామ అంటే మా వీధికి ఎంత గౌరవమంటే, ఆ గౌరవంతో చట్టాన్ని సాగదీసి దేనికీ పిలవకుండా మానేశారు. ముద్ద చేతిలో ఉన్నవాడు మామ కనబడితే తలుపు ఓరగా వేసుకునేవాడు. మంగలి పెట్టె చంకలో పెట్టుకుని పక్కవీధి మీదుగా పోయేవాడు. "పాపం, ఆయప్పను ఇప్పుడేం పిలుస్తాం" అనేవాళ్లు. నోరు తెరిస్తే రాప్పా అనే మనిషి చుట్టూ, రా అనే మాట ఒక్కటి కూడా లేకుండా, వీధంతా జాగ్రత్తగా ఊడ్చిపెట్టింది.

మామ అరుగు మీద కూర్చునేవాడు. ఆ అరుగు బండమీద ఎప్పటివో పులిజూదం గీతలు ఉండేవి. మామా, నాలాల తాతా రోజూ గులకరాళ్లు పెట్టుకుని, పులులూ మేకలూ అని పోట్లాడుకుంటూ ఆడేది అక్కడే. ఇప్పుడు మామ తన తువ్వాలును ఆ గీతల మీద పరిచి, దాని పక్కన కూర్చునేవాడు. తాత ఆ దిక్కుకే రావడం మానేశాడు. వచ్చినవాళ్లు కాసేపు మామ ఎదురుగా కూర్చుని, గొంతు సవరించుకుని, "అంతా పైవాని ఆట" అని, దయ్యాల్లా లేచిపోయేవాళ్లు. సంగటి ముద్దలు గిన్నెల్లో వచ్చేవి. "తిను మామా" అని ముందు పెట్టి పోయేవాళ్లు. ఎవరూ పక్కన కూర్చుని తినేవాళ్లు కాదు. కాకులకు ఆ ఏడు కరువు తెలియలేదు.

ఒకరోజు అత్త (మామ భార్య) వాళ్ల బాయి తాడు చుట్టచుట్టి కొంగుకింద పెట్టుకుని మా ఇంటికొచ్చింది. "ఇది మీ ఇంట్లో పెట్టుకో నాయనా" అంది నాతో. "పొద్దన్నుంచి బాయి పక్కే చూస్తాండాడు. రెన్నాళ్లుగా ముద్ద ముట్టల్యా. నేను ఎంతసేపని కావలుండేది?" అంది గోడతో చెబుతున్నట్టు. అప్పటినుంచి మా ఇంట్లో రెండు తాళ్లు. ఆమె తన బాయిలో నీళ్లు తోడుకోవడానికి తన తాడును మా దగ్గరికొచ్చి బదులడిగి, తోడుకోగానే తెచ్చిచ్చేది. దీని మీద ఏదైనా అనాలని నా నోరు రెండుమూడుసార్లు తెరుచుకుంది. ఆమె చేతులు చూసి మూసుకుంది.

మర్నాడు పొద్దున బస్సుకు పోయేముందు మామ దగ్గర కాసేపు కూర్చున్నాను. ఆడవాళ్లు ముగ్గురు నలుగురు గుమ్మంలో ఉన్నారు, మా అవ్వ కూడా ఉంది. నాకు ఓదార్చడం రాదు. పైవాడి ఆట గురించి చెబితే నవ్వొస్తుందేమోనని భయం. దూరంగా బస్సు హారన్ వినబడింది. గబుక్కున లేచి, చిన్నప్పట్నుంచి ఆ అరుగు దిగేటప్పుడు అనే మాటే అనేశాను.

"పోయొస్తా మామా."

గుమ్మంలో ఆడవాళ్లంతా ఒక్కసారి గుండెమీద చెయ్యేసుకున్నారు. ఒకామె తూ తూ తూ అని ఉమ్మింది. మా అవ్వ "అయ్యో నీ నోరు పడిపోను! సూతకం ఇంట్లో ఏం మాటరా అది, సచ్చినోడా!" అని లేవబోయింది. నేను పరుగెత్తాలా, నేలమీద పడి దండం పెట్టాలా అని చూస్తున్నాను. అప్పుడు మామ తల ఎత్తాడు. ఏటికి పోయి కొడుకును మోసుకొచ్చిన నాటినుంచి ఆ నోట్లోంచి మాట రాలేదు. ఇప్పుడు వచ్చింది, తుప్పుపట్టిన గడియ తీసినట్టు.

"ఎప్పుడొస్తావు?"

ఉమ్మిన ఆమె మళ్లీ ఉమ్మబోయి ఆగిపోయింది. నేను "సాయంత్రం బండికొస్తా మామా" అన్నాను. ఆయన సరే అన్నట్టు తల దించుకున్నాడు. ఆ రోజు అంగడిలో నేను కొలిచిన ప్రతి గుడ్డా తక్కువో ఎక్కువో అయింది. సాయంత్రం బస్సు చక్రం పంక్చరై ఆలస్యమైంది. వీధి మలుపు తిరగ్గానే చూశాను. మామ అరుగు చివరికి జరిగి, మలుపు దిక్కే చూస్తున్నాడు. "వచ్చినావా" అన్నాడు. "వచ్చినా మామా" అన్నాను. మా మధ్య జరిగిన సంభాషణ అంతే. లోపలినుంచి అత్త నన్ను అట్లాగే చూస్తూ నిలబడింది.

ఇంట్లో హైకోర్టు విచారణ మొదలైంది. ఆ ఇంటి గడప తొక్కొద్దని, తొక్కినా నోరు తెరవొద్దని, రేపటినుంచి బస్సుకు పెరటిదారిన పోవాలని అవ్వ తీర్పిస్తూ ఉండగానే, అత్త తాడు తిరిగివ్వడానికి వచ్చింది. తీర్పంతా విన్నది. "వాన్ని చెప్పనీ అత్తా" అంది నెమ్మదిగా. "నువ్వు చెప్పేది శాస్త్రమే, నేను కాదనను. వాడు వస్తా అని చెప్పిపొయినాడని, ఆయప్ప సాయంత్రం దాంక బాయి పక్క చూడలేదు. వాడొచ్చేదాంక ఉండాడు." అవ్వ తాడు అందుకుని కొయ్యకు తగిలించింది. ఆ తర్వాత "రేపు పొయ్యేటప్పుడు కొంచెం గట్టిగా చెప్పు, ఆయప్పకు చెవుడు" అంది. (మామకు చెవుడు లేదు. తీర్పు మార్చుకోవడానికి హైకోర్టుకు ఏదో ఒక కారణం కావాలి కదా.)

అట్లా రోజూ పొద్దున పోయొస్తా, సాయంత్రం వచ్చినా. అంతకుమించి ఒక్క అడుగు ముందుకు పడలేదు. ఆయన ఉంటున్నాడు, అంతే. నాకు ఒక ఆలోచన వచ్చింది: పిలిచే మనిషిని ఎవరైనా పిలిస్తే? ఆదివారం నేను చాలా సీరియస్‌గా పోయి "మామా, ఎనుముకు పలుపుతాడు కొనాల, రా పోదాం" అన్నాను. ఆయన చాలాసేపటికి "మీకు ఎనుము యాడిదిరా?" అన్నాడు. "ముందు తాడు కొనిపెట్టుకుంటే ఎనుము వెనకనే వస్తాదని" అన్నాను. నవ్వలేదు. రాలేదు. తాడు అనే మాట ఆ అరుగు మీద ఎత్తినందుకు లోపల అత్త గిన్నె ఒకటి గట్టిగా పెట్టింది. ఇంకో రోజు "గడ్డం గీయించుకుందాం రా, ఇప్పుడు నాకు గూడా వచ్చింది" అన్నాను. నా గడ్డం దిక్కు చూశాడు. నా గడ్డాన్ని చూసి ఏమీ అనకుండా ఉన్నాడంటే మనిషి ఎంత లోతులో ఉన్నాడో అర్థమై నాకు భయం వేసింది.

నాలాల తాతను వెతుక్కుంటూ పోయాను. సంత దగ్గర ఆయన పాక. ఎద్దును పడేసి, కాళ్లు కట్టి నాలాలు కొడుతున్నాడు. "ఏంది తాతా, ఊర్లోనే ఉండావా? మక్కాకు పొయినావేమో అనుకున్యా" అన్నాను. సుత్తి ఆపలేదు. "మామ దగ్గరికి ఎందుకు రావు?" అంటే ఆగింది.

"ఆ అరుగెక్కలేను బేటా" అన్నాడు. "ఆ పొద్దు ఆటకు మీ మామను పిల్చింది నేనే. గెలుస్తాండాడు. మీ బావొచ్చి, రా నాయనా, తాతా నువ్వూ రా, మీరు లేకుంటే నాకు ఎద్దును చూసేది తెలీదు, ముగ్గరం పోదాం అన్నాడు. మీ మామ లేవబోయినాడు. నేను చెయ్యి పట్టుకుని కూసోబెట్టినా. ఈ ఆట కానీ, వాన్ని పొయి చూసి రానీ, రేపు మనం పోదాం అన్యా. మీ మామ గూడా, నువ్వు పొయిరా నాయనా అన్నాడు." నాలా ఒకటి చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "మేమిద్దరం ఉంటే మబ్బు జూసి గట్టుమీదనే ఆపేవాళ్లం కదా."

నా దగ్గర దేనికైనా ఒక మాట ఉండేది. ఆ పాకలో వెతికితే ఒక్కటీ దొరకలేదు. తువ్వాలు ఆ గీతల మీద ఎందుకు పరిచి ఉందో అర్థమైంది. ఊళ్లో అందరినీ పిలిచిన మనిషి, తనను పిలిచిన ఒక్కడితో పోలేదు.

ఇది జరిగిన కొన్నాళ్లకు మా యజమాని నన్ను పులివెందులలో ఒక వ్యాపారికి గుడ్డల మూట ఇచ్చి రమ్మన్నాడు. మా ఊరినుంచి ఏరు దాటి, అవతలి గట్టున ముద్దనూరు దారిలో బస్సు పట్టుకోవాలి. ఆ పొద్దు లేవగానే ఆకాశం చూశాను. గండికోట కొండల మీద నల్లగా ఉంది. ఏట్లో కొంచెం నీళ్లు పారుతున్నాయన్నారు. మూట చంకలో పెట్టుకుని మామ అరుగు దగ్గరికి పోయాను. పోయొస్తా అనడానికే పోయాను. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"మామా, నేను పులివెందులకు పోవాల. ఏరు దాటాల. నాకు బయమైతాంది."

అందులో జోకు లేదు. జోకు ఉందేమోనని మామ నా ముఖం వెతికాడు. "ఒగనివే పోతాండావా?" అన్నాడు.

"ఒగన్నే మామా."

ఆయన కొండల మీది మబ్బు దిక్కు చూశాడు. నా దిక్కు చూశాడు. వంగి తువ్వాలు తీశాడు. దులిపి భుజాన వేసుకున్నాడు. అరుగంతా దుమ్ము పట్టి ఉంది, తువ్వాలు కింద గీతలు మాత్రం కడిగినట్టున్నాయి. "పా" అన్నాడు. మా అరుగు మీద అవ్వ ఏదో అనబోయింది. గుమ్మంలో నిలబడ్డ అత్త ఆమె దిక్కు చూసి పెదవి మీద వేలు పెట్టుకుంది. సూతకం ఇంటి మనిషి, నెత్తిన మబ్బు, ఏరు దాటే ప్రయాణం. మా అవ్వ శాస్త్రంలో ఉన్న అపశకునాలన్నీ కట్టగట్టుకుని వీధిలో నడిచిపోతుంటే, వీధంతా నోరు మూసుకుని దారిచ్చింది.

సంత దగ్గరికి వచ్చేసరికి మామ నడక నిదానమైంది. పాకలో తాత ఒక ఎద్దును పడేసి ఉన్నాడు. మమ్మల్ని చూసి సుత్తి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను ఎద్దును చూశాను, ఇంకెక్కడ చూడాలో తెలియక.

"రాప్పా" అన్నాడు మామ.

తాత సుత్తి కింద పెట్టి, ఎద్దు కట్లు విప్పి, తలకు గుడ్డ చుట్టుకుంటూ వచ్చేశాడు. ఎద్దు ఆసామి "సాయిబూ, ఇంగొక కాలుందిరబ్బా!" అని వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు. ఆ ఎద్దు ఆ రోజంతా ఒక కాలు బోడిగానే తిరిగిందని తర్వాత విన్నాను.

గట్టు దగ్గర నేను పంచె తొడలదాకా ఎగగట్టి, మూట నెత్తిన పెట్టుకుని, అవ్వనూ దేవుళ్లనూ తలచుకుని నీళ్లలోకి దిగాను. నీళ్లు చీలమండల దాకా వచ్చాయి. పక్కన నిలబడ్డ కొంగ ఒకటి నన్ను చూసింది. నన్ను అంత చులకనగా మా యజమాని కూడా ఎప్పుడూ చూడలేదు. కానీ మామ నవ్వలేదు. నా మణికట్టు పట్టుకున్నాడు. ఎట్లా పట్టుకున్నాడంటే, ఆ వేళ్ల గుర్తులు రెండురోజులు ఉన్నాయి. ఒక్కో అడుగుకూ పైదిక్కు, గండికోట దిక్కు చూస్తూ నడిపించాడు. ఇసుక మధ్యలోకి వచ్చాక ఆగిపోయాడు.

"ఆ పొద్దు నన్ను పిల్చినాడప్పా వాడు" అన్నాడు. ఎవరితో అంటున్నాడో తెలియదు. "అరుగు కాడికొచ్చి, రా నాయనా అని పిల్చినాడు. ఊర్లో ఎవురు పిల్చినా పొయినోన్ని. వాడు పిల్చినప్పుడు..."

"నేను పట్టుకుని కూసోబెట్టినా" అన్నాడు తాత. "నన్ను తిట్టు. ఇన్నాళ్లూ తిడతావేమోనని కాసుకుని ఉండా. తిట్టరా!"

"నిన్ను తిడితే నాతో ఆడేదెవురు?" అన్నాడు మామ. తాత ముఖానికి చేతులడ్డం పెట్టుకున్నాడు. మామ తువ్వాలుతో ముందు తాత ముఖం తుడిచాడు, తర్వాత తన ముఖం. పాదాల చుట్టూ నీళ్లు పోతున్నాయి. కొండల మీద ఎక్కడో ఉరిమింది.

"మామా, పైన మబ్బు దిగుతాంది. ఏడ్సేదేందో గట్టుమీద ఏడుద్దాం రాండి" అన్నాను. ఇంకే సందర్భంలోనైనా అవ్వ నా వీపు పగలగొట్టే మాట. కానీ ఇద్దరు ముసలివాళ్లూ బుద్ధిగా కదిలారు. మేం గట్టెక్కాం. వరద వచ్చిందా అంటే రాలేదు. ఆ మబ్బు మా మీద జాలిపడి, నాలుగు చుక్కలు రాల్చి అటే పోయింది.

బస్సుకోసం తుమ్మచెట్టు కింద కూర్చుని నేను సద్దిమూట విప్పాను. సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి. విప్పగానే నోరు తనంతట తానే అనింది: "రా మామా, తిందాం."

"ఇప్పుడే తినొచ్చినా, నువ్వు తిను" అన్నాడు మామ.

అని ఆగిపోయాడు. వారాల తరబడి ముద్ద సరిగా దిగని మనిషి, బుగ్గలు లోపలికి పోయి, పంచె నడుము మీద నిలవక ముడి మీద ముడి వేసుకున్న మనిషి, మర్యాదగా, అలవాటుగా అనేశాడు ఆ మాట. తాత తలతిప్పి "ఎప్పుడు తిన్యావురా?" అన్నాడు. మామ నోరు తెరిచాడు. ముందు నవ్వు లాంటిది వచ్చింది, తర్వాత దానికి పూర్తిగా ఉల్టా వచ్చింది, చివరికి రెండూ కలిసి ఏది ఏదో తెలియకుండా పోయాయి. నేను ముద్దను మూడు చేశాను. మామ చెయ్యి చాపాడు. తిన్నాడు. కొంచెంసేపటికి "మీ అవ్వకు చెప్పు, ఉప్పు తక్కువైంది" అన్నాడు. ఉప్పు తక్కువేమీ కాలేదు. కళ్లనుంచి కారుతున్నదంతా ముద్దలోనే పడుతుంటే ఎక్కువే అయి ఉండాలి. నేను వాదించలేదు.

(పులివెందులలో ఆ వ్యాపారి మా ముగ్గురినీ చూసి పెద్ద బేరమనుకుని కలర్ సోడాలు తెప్పించాడు. నేను మూట అక్కడ పెట్టి, ఏమీ తెలియనట్టు తాగాను.)

బావ చూసి మెచ్చిన ఎద్దును ఆ రోజు చూడటానికి పోలేదు. ఆ పల్లె దారి దగ్గర బస్సు ఆగితే మామ కిటికీలోంచి ఆ దారిని చూశాడు, బస్సు కదిలాక కూడా చూశాడు. సాయంత్రం చీకటి పడకముందే ఏరు దాటించి ఇంటికి తెచ్చాడు నన్ను. నేను తీసుకుపోయానని వీధంతా అనుకుంది. మామ మాత్రం "పిల్లోనికి బయమైతే తోడు పొయినా" అని చెప్పాడట. రెండూ అబద్ధం కాదు. మర్నాడు పొద్దున అత్త మా ఇంటికొచ్చింది. "తాడియ్యి నాయనా, నీళ్లు తోడుకోవాల" అంది. ఇచ్చాను. ఆ సాయంత్రం తెచ్చివ్వలేదు. మా ఇంట్లో మళ్లీ ఒక్క తాడే మిగిలింది.

మామ మళ్లీ పాత రాప్పా మామ కాలేదు. అంత కథ నేను చెప్పను. చీపురు కొనడానికి ఒక్కడే పోయిన రోజులున్నాయి. పులిజూదంలో తాత ఎంత బతిమాలినా ఇంక ఎప్పుడూ గెలవలేదు, గెలిచే ఎత్తు దగ్గర చెయ్యి ఆపేసేవాడు. కానీ ఎవరు ఏ పనికి పిలిచినా, సగం ఆటలో ఉన్నా, నోట్లో ముద్ద ఉన్నా లేచి పోయేవాడు. వీధిలో పిల్లలు దాన్ని కనిపెట్టి, గాలిపటం ఎగరేయడానికి కూడా పిలిచేవాళ్లు. ఎండలో దారం పట్టుకుని నిలబడేవాడు.

వాళ్లెవరూ ఇప్పుడు లేరు. గడ్డం రాని ఆ కుర్రాడు కూడా లేడు. వాడి బదులు, నవ్వొచ్చే చోట్ల కూడా కళ్లు తుడుచుకునే ముసలాయన ఒకడున్నాడు. చావింటికి పోతే ఇప్పటికీ నేను లేచేటప్పుడు పోయొస్తా అనే అంటాను. అందరూ నన్ను ఒక రకంగా చూస్తారు. వయసు మీదపడి మతి తప్పిందనుకుని క్షమిస్తారు, ముసలితనంలో ఉన్న సుఖం అదొక్కటే. మా ఇంట్లోవాళ్లు పొద్దున బయటికి పోతూ గుమ్మం దాటేటప్పుడు చెప్పులేసుకుంటూ "పోయొస్తాం" అంటారు. నేను ప్రతిరోజూ "ఎప్పుడొస్తారు?" అని అడుగుతాను. రోజూ అదే ప్రశ్నేంటని విసుక్కుంటూ ఏదో ఒక వేళ చెబుతారు. నేను ఆ వేళదాకా ఉంటాను.